ఏది దేనికి సమానం?

పరీక్షలో సున్నా వచ్చిన విద్యార్థీ, పరీక్షకే రాని విద్యార్థీ ఒకటి కాదు. మార్కుల రిజిస్టరు రాసే గుమాస్తాకి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఒకరి పేరుకెదురుగా సున్నా వేస్తాడు, మరొకరి పేరుకెదురుగా గైర్హాజరు అని రాస్తాడు. మూడు గంటలు హాల్లో కూర్చుని తనకు తోచింది రాసి వచ్చిన పిల్లవాడికి ఆ సున్నా మీద హక్కుంది. అదే రిజిస్టరు వెబ్‌సైటు రూపంలోకి వచ్చినప్పుడు ఆ హక్కు నిలుస్తుందా, పోతుందా అన్నది రెండు చిన్న గుర్తులు తేలుస్తాయి. పీహెచ్‌పీ భాషలో ఇలా రాశామనుకోండి:

$మార్కులు ?: "గైర్హాజరు"

సున్నా తెచ్చుకున్నవాడు కూడా గైర్హాజరు కిందికే పోతాడు. ఇలా రాశామనుకోండి:

$మార్కులు ?? "గైర్హాజరు"

సున్నా సున్నాగానే కనిపిస్తుంది. మార్కులే నమోదు కానివాడు మాత్రమే గైర్హాజరవుతాడు.

మొదటి గుర్తు ‘ఎడమవైపున్నది నిజమేనా?’ అని అడుగుతుంది. పీహెచ్‌పీ లెక్కలో సున్నా, ఖాళీ స్ట్రింగ్ (అక్షరాల వరుస), ఖాళీ అర్రే (జాబితా), నల్ (విలువే లేకపోవడం) అన్నీ అబద్ధం కిందే జమ. రెండో గుర్తు ‘ఎడమవైపు అసలేమైనా ఉందా?’ అని మాత్రమే అడుగుతుంది. మొదటిది 2009లో 5.3 వెర్షన్‌తో వచ్చింది, రెండోది 2015 చివర 7.0తో వచ్చింది. ప్రశ్నలు రెండు గనక గుర్తులూ రెండు కావలసి వచ్చాయి. అన్నట్టు, వేరియబుల్ పేరు తెలుగులో ఉందేమిటని ఆశ్చర్యపోకండి. పీహెచ్‌పీ ఇలాంటి పేర్లను నిక్షేపంగా ఒప్పుకుంటుంది.

అమీర్‌పేటలో శిక్షణ కేంద్రాల్లోనైనా, ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబులోనైనా ఆపరేటర్ల పాఠం మొదట్లోనే వచ్చేస్తుంది. అరిథ్మెటిక్, అసైన్‌మెంట్, కంపారిజన్, లాజికల్ అంటూ ఒక పట్టిక, పక్కన తలా ఒక ఉదాహరణ. ఎక్కాల్లాగా చదివేసి అందరూ లూపుల్లోకి వెళ్లిపోతారు. నా దృష్టిలో అక్కడే ఒక పెద్ద విషయం చేజారిపోతోంది. ఆపరేటర్ అంటే రెండు విలువల మధ్య పెట్టే గుర్తు అని నేర్చుకుంటాం గానీ, ఆ గుర్తు పెట్టిన క్షణాన ఒక తీర్పు ఇస్తున్నామని నేర్చుకోం. ఏవి ఒకటి, ఏవి వేరు, ఏది ముందు, ఏది లేనట్టు అన్న నిర్ణయాలన్నీ ఆ గీతల్లోనూ చుక్కల్లోనూ ఉంటాయి. తీర్పు ఎవరి మీద పడుతుందో ఆ మనిషి మన కోడ్ ఎప్పటికీ చూడడు.

ఈ తీర్పుల్లో అన్నింటికంటే కీలకమైనది సమానత్వం. పీహెచ్‌పీలో దానికి రెండు గుర్తులున్నాయి. == ని డబుల్ ఈక్వల్స్ అంటాం, === ని ట్రిపుల్ ఈక్వల్స్ అంటాం. డబుల్ ఈక్వల్స్ రెండు వైపులా ఉన్న విలువల రకం వేరైతే, అవసరాన్ని బట్టి మార్చుకుని పోలుస్తుంది. ట్రిపుల్ ఈక్వల్స్ రకమూ విలువా రెండూ కలిస్తేనే అవునంటుంది. ఒక భాషకు రెండు సమానత్వాలు ఎందుకు వచ్చాయో తెలియాలంటే అది పుట్టిన చోటికి వెళ్లాలి.

1994లో రాస్మస్ లెర్డార్ఫ్ తన ఆన్‌లైన్ రెజ్యూమేని ఎవరెవరు చూస్తున్నారో తెలుసుకోవడానికి సీ భాషలో కొన్ని చిన్న ప్రోగ్రాములు రాసుకున్నాడు. వాటిని 1995 జూన్‌లో ‘పర్సనల్ హోమ్ పేజ్ టూల్స్’ పేరుతో అందరికీ ఇచ్చేశాడు. ఆ తర్వాత ఇజ్రాయెల్‌కి చెందిన జీవ్ సురాస్కీ, ఆండీ గట్మన్స్ వచ్చి కలిశారు. వాళ్లు దాని ఇంజిన్ తిరగరాయగా 1998లో మూడో వెర్షన్ వచ్చింది. ఆ రోజుల్లో ఈ పరికరం చేసే ముఖ్యమైన పనుల్లో ఒకటి వెబ్ ఫామ్‌లో నింపినదాన్ని అందుకోవడం. బ్రౌజరు సర్వరుకి పంపేదంతా అక్షరాలే. మీరు వయసు 25 అని టైపు చేస్తే అక్కడికి చేరేది ఇరవై అయిదు అనే సంఖ్య కాదు, 2, 5 అనే రెండు అక్షరాలు. ప్రతిసారీ ‘ఇది అక్షరమా, అంకెనా’ అని తేల్చి మార్చుకోమంటే, సొంత వెబ్ పేజీ పెట్టుకుందామని వచ్చిన మామూలు మనిషి బెదిరిపోతాడు. అందుకని భాషే ఆ భారం తీసుకుంది. "25" == 25 అంటే అవునంది. "5" + "7" అంటే 12 అంది. అతికించడం వేరే పని గనక దానికి చుక్క గుర్తును వేరుగా ఉంచింది. "5" . "7" అంటే "57".

ఈ ఉదారతను నేను చిన్నచూపు చూడను. కంప్యూటర్ సైన్సు చదవనివాళ్లకి కూడా వెబ్ తలుపులు తెరిచిన భాషల్లో ఇది ముందు వరుసలో ఉంది. వర్డ్‌ప్రెస్ ఈ భాషలోనే ఉంది. తెలుగు వికీపీడియాని నడిపే మీడియావికీ ఈ భాషలోనే ఉంది. ఫేస్‌బుక్ మొదలైంది కూడా ఇందులోనే. కానీ ఉదారతకి హద్దు గీయకపోతే పోలికకి అర్థం మిగలదు. 0 == "రాముడు" అని అడిగితే 2020 దాకా పీహెచ్‌పీ జవాబు ‘అవును’. ఒకవైపు సంఖ్య ఉంది కాబట్టి రెండోవైపునీ సంఖ్యగా మార్చాలనుకునేది. "రాముడు"లో అంకెలేవీ లేవు కాబట్టి అది సున్నా అయిపోయేది. సున్నా, సున్నా సమానం. రాముడైనా, రహీమైనా, హైదరాబాదైనా అదే జవాబు.

నికితా పోపోవ్ ప్రతిపాదించిన సవరణ ఆమోదం పొంది, 2020 నవంబరులో వచ్చిన 8.0 వెర్షన్‌లో ఈ పద్ధతి మారింది. ఇప్పుడు స్ట్రింగ్ సంఖ్యలా కనబడకపోతే, సంఖ్యనే స్ట్రింగ్‌గా మార్చి పోలుస్తుంది. "0" వేరు, "రాముడు" వేరు. అయితే రెండు వైపులా సంఖ్యల్లా కనబడే స్ట్రింగులు ఉంటే మాత్రం ఇప్పటికీ వాటిని సంఖ్యలుగానే చూస్తుంది. అందుకే "040" == "40" అంటే ఈనాటికీ అవునే. మొదటిది హైదరాబాదు ఎస్‌టీడీ కోడ్. ముందున్న సున్నా తీసేస్తే దాని ఆకారమే పోతుంది. ఫోన్ నంబరు, హాల్‌టికెట్ నంబరు, ఖాతా నంబరు లాంటివి అంకెలతో రాసే పేర్లు. వాటితో కూడికలూ తీసివేతలూ చేయం. పేరుని పేరుగానే పోల్చాలి, అంటే === తో.

ఇదే లొసుగు తాళాల దాకా వెళ్లింది. పాత వెబ్‌సైట్లు పాస్‌వర్డును ఎండీ5 పద్ధతిలో 32 గుర్తుల హ్యాష్‌గా మార్చి దాచేవి. లాగిన్ అయినప్పుడు టైపు చేసినదాన్నీ అలాగే మార్చి రెండూ పోల్చేవి. 240610708 అన్న అంకెల వరుస హ్యాష్ తీస్తే మొదట సున్నా, తర్వాత ఇంగ్లీషు ‘ఈ’ అక్షరం, ఆపైన మొత్తం అంకెలే వస్తాయి. శాస్త్రీయ పద్ధతిలో ఇలా రాస్తే సున్నాని పది ఘాతంతో గుణించినట్టు. ఘాతం ఎంతైనా ఫలితం సున్నాయే. ఇలాంటి హ్యాష్ ఇచ్చే మాటలు మరికొన్ని కూడా బయటపడ్డాయి. ఏ రెండింటినైనా == తో పోలిస్తే రెండూ సున్నాలుగా మారి సమానమైపోతాయి. అంటే దాచిన హ్యాష్ ఆ రూపంలో ఉన్న ఖాతాలోకి అసలు పాస్‌వర్డ్ తెలియకుండానే వెళ్లవచ్చు. 8.0 సవరణ తర్వాత కూడా ఇది మారలేదు, ఎందుకంటే రెండు వైపులా ఉన్నవి సంఖ్యల్లా కనబడే స్ట్రింగులే. పాస్‌వర్డుల కోసం పాస్‌వర్డ్ వెరిఫై, హ్యాష్ ఈక్వల్స్ అనే ఫంక్షన్లు 2013, 2014లలోనే వచ్చాయి. వాటిని వాడేవాళ్లకి ఈ బెడద లేదు. ఒక్క గీత తక్కువైనందుకు తలుపు తెరుచుకుందంటే ఆపరేటర్ చిన్న విషయమని ఎలా అనుకుంటాం?

ట్రిపుల్ ఈక్వల్స్ 2000లో నాలుగో వెర్షన్‌తో వచ్చింది. అది రావడానికి ఒక ముఖ్య అవసరం ఉండేది. ఒక వాక్యంలో ఒక మాట ఎక్కడుందో వెతికి చెప్పే ఫంక్షన్, మాట మొదట్లోనే దొరికితే స్థానం సున్నా అంటుంది, దొరక్కపోతే ఫాల్స్ అంటుంది. "తెలంగాణ రాష్ట్రం"లో "తెలంగాణ" కోసం వెతికితే జవాబు సున్నా. ఆ జవాబుని == తో ఫాల్స్‌కి పోల్చితే, మాట కళ్ల ముందే ఉన్నా లేదని తేలుతుంది. === ఉంటేనే ఆ రెండు జవాబులూ విడిపోతాయి. ఒక మాట ఉందో లేదో మాత్రమే చెప్పే ఫంక్షన్ చివరికి 8.0లో వచ్చింది. దాంతో పాటే వచ్చిన, విలువని బట్టి దారి ఎంచుకునే మ్యాచ్ కూడా ట్రిపుల్ ఈక్వల్స్‌తోనే పోలుస్తుంది, అదే పని చేసే పాత స్విచ్ మాత్రం డబుల్ ఈక్వల్స్ దగ్గరే ఉండిపోయింది. ఫైలు మొదట్లో స్ట్రిక్ట్ టైప్స్ ప్రకటించుకుంటే సరిపోతుందని కొందరు అనుకుంటారు. ఆ ప్రకటన ఫంక్షన్లకిచ్చే విలువల విషయంలో పనిచేస్తుంది, ఆపరేటర్లని ముట్టుకోదు.

సమానత్వం తర్వాత మరో తీర్పు, ఎవరి మాట ముందు నెగ్గాలి అన్నది. దీన్నే ప్రిసిడెన్స్ అంటాం. థియరీలో 60, ప్రాక్టికల్లో 20 వచ్చిన విద్యార్థి మొత్తం చూపించాలని ఇలా రాశారనుకోండి:

"మొత్తం: " . $థియరీ + $ప్రాక్టికల్

8.0కి ముందు చుక్కకీ, కూడికకీ సమాన హోదా. ఎడమ నుంచి చదువుకుంటూ పోయి "మొత్తం: 60" అని ముందు అతికించేది. ఆ వాక్యానికి 20 కలపమంటే, వాక్యాన్ని సున్నాగా మార్చి తెర మీద 20 చూపించేది. విద్యార్థికి రావలసిన 80 లో మూడు వంతులు గల్లంతు. ఇప్పుడు కూడిక ముందు జరుగుతుంది, చుక్క తర్వాత వస్తుంది.

ఇంతకన్నా ఘోరం తరగతి నిర్ణయించే చోట జరిగేది. ప్రశ్న గుర్తు, కోలన్ కలిసిన టెర్నరీని ఒకదాని వెంట ఒకటి పేర్చి ఇలా రాస్తారు:

$మార్కులు >= 60 ? "ఫస్ట్ క్లాస్" : $మార్కులు >= 50 ? "సెకండ్ క్లాస్" : "పాస్"

చదివిన ఎవరికైనా అర్థం స్పష్టంగానే ఉంది. సీ, జావా కూడా మనం అనుకున్నట్టే అర్థం చేసుకుంటాయి. పీహెచ్‌పీ మాత్రం ఎడమ భాగాన్ని ముందు మూట కట్టేది. 75 మార్కులు వచ్చినవాడికి మొదటి ప్రశ్నలో "ఫస్ట్ క్లాస్" అన్న జవాబు వచ్చేది. ఆ జవాబు ఖాళీ కాదు కాబట్టి నిజం. నిజమైతే రెండో ప్రశ్న గుర్తు పక్కనున్నది చూపించాలి, అంటే "సెకండ్ క్లాస్". అలా ఫస్ట్ క్లాస్ వచ్చిన ప్రతి ఒక్కరూ సెకండ్ క్లాస్‌లో పడేవాళ్లు. 2019లో 7.4 దీని మీద హెచ్చరిక పెట్టింది, 8.0 బ్రాకెట్లు లేకుండా ఇలా పేర్చడాన్నే నిషేధించింది. నాకు ఈ నిర్ణయం చాలా నచ్చింది. అర్థాన్ని నిశ్శబ్దంగా తిప్పేస్తే పాత కోడ్ ఎవరికీ తెలియకుండా కొత్త జవాబులిస్తుంది. నీ మనసులో ఏముందో బ్రాకెట్ పెట్టి చెప్పమనడమే పద్ధతి.

‘మరియు’ అని చెప్పడానికి కూడా రెండు దారులున్నాయి. ఒకటి &&, రెండోది ఇంగ్లీషు మాట అండ్. అర్థం ఒకటే గానీ హోదా వేరు. అసైన్‌మెంట్ గుర్తు కంటే అండ్ కింద ఉంటుంది. ఫీజు కట్టి, హాజరు కూడా ఉంటేనే పరీక్షకి అర్హత అని చెప్పదలచి, అర్హత సమానం ఫీజు అండ్ హాజరు అన్న క్రమంలో రాస్తే, భాష ముందు ఫీజుని అర్హతలో వేసేస్తుంది. హాజరు సంగతి ఆ తర్వాత చూస్తుంది, చూసి వదిలేస్తుంది. ఫీజు కట్టిన ప్రతివాడికీ అర్హత దొరికినట్టే. && రాస్తే రెండు షరతులూ కలిశాకే ఫలితం అర్హతలోకి వెళ్తుంది.

డబ్బు దగ్గర మరింత జాగ్రత్త కావాలి. 0.1 + 0.7 కలిపి పదితో గుణించి, దశాంశం తీసేయమంటే ఎనిమిది రావాలి. వచ్చేది ఏడు. కంప్యూటరు ఈ భిన్నాలని రెండు ఆధారంగా దాచుకుంటుంది గనక 0.1ని పూర్తిగా రాయలేదు, గుణకారం ఎనిమిదికి వెంట్రుకవాసి దూరంలో ఆగిపోతుంది. ఇది పీహెచ్‌పీ ఒక్కదాని లక్షణం కాదు, ఈ రకం భిన్నాలు వాడే భాషలన్నిటిదీ. అందుకే రేజర్‌పే లాంటి చెల్లింపు సేవలు మొత్తాన్ని పైసల్లో పూర్ణాంకంగా అడుగుతాయి. 499 రూపాయల 50 పైసలంటే 49950. రూపాయల భిన్నాలని == తో పోల్చి సరిపోయిందా లేదా అని తేల్చే కోడ్ ఎక్కడైనా ఉంటే ఇవాళ కాకపోతే రేపు ఎవరి లెక్కో తప్పుతుంది.

తెలుగులో సైటు నడిపేవాళ్లకి ఇంకో విషయం తెలిసి ఉండాలి. పోలిక ఆపరేటర్లకి అక్షరాలు తెలియవు, బైట్లు మాత్రమే తెలుసు. ‘తెలుగు’ అన్న మాట మన కంటికి మూడు అక్షరాలు. యూనికోడ్ లెక్కలో గుణింతపు గుర్తులతో కలిపి ఆరు. పీహెచ్‌పీని మామూలుగా పొడవు అడిగితే 18 అంటుంది, ఎందుకంటే యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకి మూడు బైట్లు. చదరపు బ్రాకెట్‌తో మొదటి అక్షరం ఇమ్మంటే ‘త’లో మూడో వంతు చేతికొస్తుంది. ఇక పేర్లని వరుసలో పెట్టడానికి, చిన్నదా సమానమా పెద్దదా అని ఒకేసారి చెప్పే <=> గుర్తు 7.0లో వచ్చింది. దాన్ని కళ్యాణి, కవిత అనే పేర్ల మధ్య పెడితే కళ్యాణినే ముందు పెడుతుంది. మన వర్ణమాలలో ‘ళ’ హకారం తర్వాత వస్తుంది, కాబట్టి కవిత ముందుండాలి. యూనికోడ్ పట్టికలో ‘ళ’ని ‘ల’ పక్కన పెట్టారు, గుర్తు ఆ పట్టికనే అనుసరించింది. భాషని బట్టి వరుస పెట్టడానికి కొలేటర్ అనే సాధనం వేరుగా ఉంది. ఆపరేటర్ తనకి తెలిసిన క్రమమే చెబుతుంది, మన పిల్లల జాబితాకి అది సరిపోతుందో లేదో చూసుకోవలసింది మనమే.

నేను మనస్ఫూర్తిగా వ్యతిరేకించే గుర్తు ఒకటుంది, @. ఏ పనికైనా ముందు దీన్ని తగిలిస్తే ఆ పనిలో వచ్చే హెచ్చరికలు బయటికి రావు. ఫైలు తెరుచుకోకపోయినా, అవతలి సర్వరు పలకకపోయినా తెర శుభ్రంగా ఉంటుంది. తెర శుభ్రంగా ఉన్నంత మాత్రాన పని జరిగినట్టు కాదు. ప్రోగ్రాం ఆగిపోయేంత ప్రమాదకరమైన దోషాలని కూడా ఇది ఒకప్పుడు మింగేసేది, 8.0 నుంచి వాటి నోరు నొక్కలేకపోతోంది. మిగిలిన హెచ్చరికలని వినే ఓపిక మనకుండాలి.

కొత్త గుర్తుల్లో మంచివి చాలా ఉన్నాయి. $విద్యార్థి?->చిరునామా?->ఊరు అని రాస్తే, చిరునామా నమోదు కాకపోయినా ప్రోగ్రాం కూలిపోదు, ఊరు తెలియదని నల్ ఇస్తుంది. 2025 నవంబరులో 8.5తో వచ్చిన పైపు గుర్తు |> మరీ ఇష్టం నాకు. ఇదివరకు ఒక పేరుని శుభ్రం చేసి, సరిచూసి, దాచాలంటే ఫంక్షన్లని ఒకదాని కడుపులో ఒకటి పెట్టి, లోపలి నుంచి బయటికి చదువుకోవలసి వచ్చేది. ఇప్పుడు

$పేరు |> శుభ్రంచెయ్(...) |> సరిచూడు(...) |> దాచు(...)

అని జరిగే క్రమంలోనే రాసుకోవచ్చు. పేరు తీసుకుని, శుభ్రం చేసి, సరిచూసి, దాచు అని తెలుగులో చెప్పుకునే వరస కూడా అదే.

ఈ ముప్పై ఏళ్లలో పీహెచ్‌పీ చేసిన ప్రయాణాన్ని నేను గౌరవిస్తాను. తప్పు సమానత్వాలని సరిదిద్దుకుంది, అస్పష్టమైన చోట బ్రాకెట్ అడిగింది, లేమిని లేమిగా గుర్తించే గుర్తులు తెచ్చుకుంది. పాత సైట్లు కూలకుండా ఇదంతా చేయడం తేలిక కాదు. కానీ భాష ఎంత మారినా చివరి తీర్పు రాసేవాడిదే. అందుకే కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లకి నా విన్నపం ఇది. పోలిక రాయాల్సిన ప్రతిచోటా === తో మొదలుపెట్టండి. == కావాలనిపిస్తే ఎందుకో పక్కన కామెంటులో రాయండి. రెండు రకాల ఆపరేటర్లు ఒకే వరుసలో కలిస్తే బ్రాకెట్ పెట్టండి. ‘లేదు’ అని రాసే ముందు సున్నానా, ఖాళీనా, నమోదే కాలేదా అని ఒక్కసారి తేల్చుకోండి. మీరు వేసిన గుర్తు తప్పైతే దాని ఫలితం అనుభవించేది ఫామ్ నింపిన మనిషి.